ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు అంటే ఎవరు? చరిత్రకారుల నిర్వచనాలు – తెలుగునాటి ఉదాహరణ



చరిత్ర పుస్తకాలలో కొన్ని మాటలు తరచుగా కనిపిస్తాయి. వాటి అర్థం మనకు తెలిసినట్టే అనిపిస్తుంది. తీరా ఎవరైనా వివరించమంటే తడబడతాం. 'భూస్వామ్య వ్యవస్థ', 'పునరుజ్జీవనం' అలాంటి మాటలు. 'ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్' కూడా అలాంటిదే. ఈ మాటను చరిత్రకారులు ఎలా నిర్వచిస్తారు, ఒక నిర్వచనం చాలక మరొకటి ఎందుకు వచ్చింది, ఆ నిర్వచనాలు మన ప్రాంతపు చరిత్రకు ఎంతవరకు సరిపోతాయి అన్న మూడు విషయాలు ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక మాట. ఈ పాఠం ఏ మతాన్నీ సమర్థించడానికి గాని, విమర్శించడానికి గాని ఉద్దేశించినది కాదు. ఒక మత ఉద్యమాన్ని చరిత్రకారుడు ఎలా పరిశీలిస్తాడో చూడడమే మన పని.

1. రెండు పేర్లు – ఒక చిక్కు

ఆంధ్రప్రదేశ్‌లో రెండు పెద్ద ప్రొటెస్టెంట్ సంఘాలను తీసుకోండి. మొదటిది గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్‌తో దీని చరిత్ర మొదలవుతుంది. సంఘంగా ఇది 1927లో ఏర్పడింది. రెండవది తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేసిన పని నుంచి వచ్చిన సంఘాలన్నీ కలిసి 1962లో ఈ సమావేశంగా ఏర్పడ్డాయి.

మొదటి సంఘం పేరులో 'ఇవాంజెలికల్' అన్న మాట ఉంది. రెండవ దాని పేరులో లేదు. అయితే ఇవాంజెలికల్ ఉద్యమ చరిత్ర రాసేవారు ఎక్కువగా ప్రస్తావించేది బాప్టిస్టులనే. లూథరన్లను ఆ ఉద్యమంలో చేర్చాలా వద్దా అన్న విషయంలో వారిలో వారికే భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఈ చిక్కు ఎందుకు వచ్చిందో తెలియాలంటే మాట పుట్టుకలోకి వెళ్ళాలి.

2. మాట పుట్టుక

గ్రీకు భాషలో 'యువాంగెలియోన్' అంటే శుభవార్త. తెలుగు క్రైస్తవులు వాడే 'సువార్త' దానికి సరైన అనువాదం. 16వ శతాబ్దిలో మార్టిన్ లూథర్ అనుచరులు తమను తాము సువార్తకు చెందినవారుగా చెప్పుకున్నారు. దానివల్ల జర్మన్ భాషలో 'ఇవాంగెలిష్' అన్న మాట దాదాపుగా 'ప్రొటెస్టెంట్' అన్న మాటకు సమానార్థకంగా స్థిరపడింది. గుంటూరు లూథరన్ సంఘం పేరులోని 'ఇవాంజెలికల్' ఈ పాత అర్థంలో వచ్చినది.

ఇంగ్లీషులో మాత్రం 18వ శతాబ్ది నుంచి ఈ మాటకు మరో ప్రత్యేకార్థం ఏర్పడింది. ప్రొటెస్టెంట్లందరికీ కాకుండా, వారిలోని ఒక ఉజ్జీవన ఉద్యమానికి చెందినవారికే అది పేరయింది. చరిత్రకారులు నిర్వచించదలచినది ఈ రెండవ అర్థాన్ని. ఒకే మాట రెండు అర్థాలతో వాడుకలో ఉన్నప్పుడు, పేరును బట్టి చరిత్ర చెప్పలేమని గుర్తుంచుకోండి.

3. ఉద్యమం పుట్టుక

1730 దశకంలో అట్లాంటిక్ సముద్రానికి ఇరువైపులా దాదాపు ఒకేసారి కొన్ని సంఘటనలు జరిగాయి. 1734–35లో అమెరికాలోని నార్తాంప్టన్ ఊరిలో జోనథన్ ఎడ్వర్డ్స్ బోధనల వల్ల పెద్ద మత చైతన్యం వచ్చింది. ఇంగ్లండులో జార్జ్ విట్‌ఫీల్డ్ ఆరుబయట వేలాది మందికి బోధించడం మొదలుపెట్టాడు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక కూటంలో జాన్ వెస్లీ తన జీవితాన్ని మార్చిన అనుభవాన్ని పొందాడు. అందరూ క్రైస్తవులుగా పుట్టినవారే. అయినా పుట్టుకతో వచ్చిన మతం చాలదని, ప్రతి వ్యక్తీ స్వయంగా మారుమనస్సు పొందాలని వీరు చెప్పారు.

ఈ కథను ఇంగ్లండుతోనే మొదలుపెట్టకూడదని చెప్పిన చరిత్రకారుడు డబ్ల్యు.ఆర్. వార్డ్. ఆయన 2006లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఉద్యమపు మూలాలను 1670 దశకం నుంచి మధ్య ఐరోపాలో వెతికాడు. జర్మనీలో 'పయెటిజం' అనే భక్తి ఉద్యమం వచ్చింది. హాలే నగరం దానికి కేంద్రం. అక్కడి నుంచే 1706లో తరంగంబాడికి మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలు వచ్చారు.

ఇక్కడ తెలుగు విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. హాలే నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని బైబిలును అనువదించాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు. కాని ఆయన జర్మనీకి తిరిగి వెళ్ళాక, 1746 ప్రాంతంలో హాలేలో కొన్ని చిన్న తెలుగు పుస్తకాలను అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వీటినే చెబుతారు. వెస్లీ అనుభవానికి ముందే ఈ భక్తి ఉద్యమం తెలుగు భాషను తాకిందన్న మాట. వార్డ్ వాదనకు బలమిచ్చే ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది.

18వ శతాబ్ది చివర బ్రిటన్‌లో మిషనరీ సొసైటీలు వెలిశాయి. 1792లో బాప్టిస్టు సొసైటీ, 1795లో లండన్ మిషనరీ సొసైటీ, 1799లో చర్చి మిషనరీ సొసైటీ ఏర్పడ్డాయి. 1804లో లండన్ మిషనరీ సొసైటీ భారతదేశానికి పంపినవారిలో కొందరిని కోరమాండల్ తీరానికి, మరికొందరిని సూరత్‌కు నియమించింది. తూర్పు తీరానికి వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో స్థిరపడ్డారు. డెస్ గ్రాంజెస్ ఆనందరాయర్ అనే తెలుగు పండితుని సాయంతో సువార్తలను అనువదించాడు. అవి 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. సూరత్‌లో మాత్రం పని వెంటనే సాగలేదు. 1815లో జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ వచ్చాకే అది నిలదొక్కుకుంది. వారు బైబిలును గుజరాతీలోకి అనువదించి సూరత్‌లోనే అచ్చు వేయించారు.

సూరత్‌లోని ఖటోదరాలో ఉండి ఈ పాఠం చదువుతున్న తెలుగు విద్యార్థి అయినా, విశాఖపట్నంలో చదువుతున్న విద్యార్థి అయినా ఒక పోలికను చూడగలరు. ఒకే సొసైటీ, ఒకే ఏడాది వేసిన పథకం, రెండు తీరాలు, రెండు భాషలు. రెండు చోట్లా మొదట జరిగిన పని అనువాదం, తరువాత అచ్చు. ఈ పోలిక ఎందుకు వచ్చిందో తరువాతి భాగం చెబుతుంది.

4. బెబ్బింగ్టన్ చెప్పిన నాలుగు లక్షణాలు

ఇవాంజెలికల్ అన్న మాటకు నేడు చరిత్రకారులు ఎక్కువగా వాడే నిర్వచనం బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్‌ది. 1989లో వెలువడిన 'ఇవాంజెలికలిజం ఇన్ మోడరన్ బ్రిటన్' అనే గ్రంథంలో ఆయన దానిని ప్రతిపాదించాడు. కాలం మారినా, శాఖలు మారినా ఇవాంజెలికల్స్‌లో నాలుగు లక్షణాలు నిలకడగా కనిపిస్తాయని ఆయన చెప్పాడు. దీనినే 'బెబ్బింగ్టన్ చతుర్భుజం' అంటారు.

మొదటిది మారుమనస్సు. మనిషి జీవితం ఒక మలుపు తిరగాలి అన్న నమ్మకం.

రెండవది కార్యశీలత. నమ్మినవాడు ఊరకే ఉండకూడదు. బోధించాలి, బడి పెట్టాలి, పుస్తకం అచ్చు వేయాలి, సేవ చేయాలి.

మూడవది బైబిలుకు ఇచ్చే ప్రత్యేక స్థానం. ఆధ్యాత్మిక సత్యమంతా ఆ గ్రంథంలోనే దొరుకుతుందన్న భావం.

నాలుగవది సిలువ ప్రధానత. యేసు బోధల కన్నా, జీవితం కన్నా, సిలువపై ఆయన మరణాన్ని నమ్మకానికి కేంద్రంగా చూడడం.

సూరత్‌లోను, విశాఖపట్నంలోను మొదట అనువాదం, అచ్చుయంత్రం ఎందుకు కనిపించాయో ఇప్పుడు మీరే చెప్పగలరు. బైబిలు ప్రధానమైనప్పుడు అది ప్రజల భాషలో ఉండాలి. కార్యశీలత ఉన్నప్పుడు అది అచ్చులో చేతికి అందాలి.

ఈ నిర్వచనానికి అంత ఆదరణ ఎందుకు వచ్చింది? ఇది ఏ ఒక్క శాఖ పేరునూ పట్టుకోలేదు. ఆంగ్లికన్, బాప్టిస్టు, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ ఎవరైనా ఈ నాలుగూ ఉంటే ఉద్యమంలోనివారే. శాఖల గోడలను దాటి ఒక ఉద్యమాన్ని చూడడానికి ఇది వీలు కల్పించింది. పైగా గుర్తు పెట్టుకోవడం తేలిక.

5. నాలుగు చాలతాయా?

నిర్వచనానికి రెండు పనులు ఉంటాయి. లోపల ఉండవలసినవారిని లోపలికి తేవాలి. వెలుపల ఉండవలసినవారిని వెలుపల ఉంచాలి. బెబ్బింగ్టన్ నిర్వచనం మొదటి పనిని బాగా చేస్తుందని, రెండవ పనిలో తడబడుతుందని విమర్శ వచ్చింది.

టిమొతీ లార్సెన్ 2007లో ఈ లోపాన్ని ఎత్తి చూపాడు. ఈ నాలుగు లక్షణాలే కొలమానమైతే 13వ శతాబ్దికి చెందిన కథోలిక సాధువు అస్సీసీ ఫ్రాన్సిస్‌ను కూడా ఇవాంజెలికల్ అనవలసి వస్తుందని ఆయన అన్నాడు. అందుకే ఐదు అంశాల నిర్వచనం ఇచ్చాడు. ఆ వ్యక్తి సంప్రదాయ విశ్వాసం గల ప్రొటెస్టెంట్ కావాలి. వెస్లీ, విట్‌ఫీల్డ్‌ల కాలపు ఉజ్జీవనాల నుంచి వచ్చిన ప్రపంచవ్యాప్త సంబంధాల పరంపరలో ఉండాలి. బైబిలుకు, సిలువ ద్వారా కలిగే సమాధానానికి ప్రాధాన్యం ఇవ్వాలి. పరిశుద్ధాత్మ చేసే పనిని నొక్కి చెప్పాలి. ఇందులో రెండవ అంశం ముఖ్యమైనది. ఏమి నమ్ముతారు అన్న ప్రశ్నతో పాటు, ఎవరి నుంచి వచ్చారు, ఎవరితో కలిసి పనిచేశారు అన్న ప్రశ్నను కూడా అది అడుగుతుంది.

మూడవ మార్గం స్వీయ గుర్తింపు. ఎవరు తమను ఇవాంజెలికల్ అని చెప్పుకుంటారో వారే ఇవాంజెలికల్స్ అనడం. అమెరికాలో అభిప్రాయ సేకరణలు ఎక్కువగా ఈ మార్గాన్నే అనుసరించాయి. 1976లో జిమ్మీ కార్టర్ అధ్యక్ష ఎన్నికలలో పోటీ చేసినప్పటి నుంచి అక్కడ ఈ మాటకు రాజకీయ ప్రాధాన్యం పెరిగింది. 2016 ఎన్నికల తరువాత ఈ మాట నమ్మకాన్ని సూచిస్తున్నదా, రాజకీయ పక్షాన్ని సూచిస్తున్నదా అన్న చర్చ బలపడింది. థామస్ కిడ్ 2019లో 'హూ ఈజ్ ఎన్ ఇవాంజెలికల్?' అన్న పేరుతోనే పుస్తకం రాశాడు. క్రిస్టిన్ డ్యు మెజ్ 2020లో వెలువరించిన గ్రంథంలో, అమెరికాలో ఈ ఉద్యమాన్ని సిద్ధాంతాల జాబితాగా కాక ఒక సంస్కృతిగా చూడాలని వాదించింది.

అంటే మన ముందు మూడు మార్గాలు ఉన్నాయి. నమ్మకాలను బట్టి నిర్వచించడం. పరంపరను, సంబంధాలను బట్టి నిర్వచించడం. వారు చెప్పుకునే పేరును బట్టి నిర్వచించడం. ఈ మూడూ బ్రిటన్, అమెరికా అనుభవాల మీద కట్టినవి. ఇప్పుడు వీటిని ఒంగోలుకు తీసుకువెళ్ళి పరీక్షించి చూద్దాం.

6. ఒంగోలు – 1866 నుంచి 1878 వరకు

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. మొదటి పాతికేళ్ళలో సభ్యుల సంఖ్య చాలా తక్కువ. మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చింది. పరిస్థితి 1866 నుంచి మారింది. ఆ మార్పుకు కారణంగా సాధారణంగా ఆ ఏడాది ఒంగోలులో పని ప్రారంభించిన జాన్ ఎవరెట్ క్లౌ పేరు చెబుతారు. కాని మరో పేరును కూడా అంతే ముఖ్యంగా చెప్పాలి. ఆయన యర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ కులస్థుడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. మిషనరీలను చూడకముందే ఆయన ఆధ్యాత్మిక అన్వేషణలో ఉన్నాడు. రాజయోగ బోధను గురువుల వద్ద నేర్చుకుని, సాధన చేసి, తాను కూడా శిష్యులకు బోధించాడు. వ్యాపారం పని మీద ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన అలెగ్జాండర్ ద్వారా క్రైస్తవ బోధ విన్నాడు. తరువాత 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలులో బాప్తిస్మం పొందాడు. తిరిగి వెళ్ళి తన బంధువులకు, తన కులంవారు ఉండే పల్లెలకు బోధించాడు. క్లౌ ఆ పల్లెలకు వెళ్ళేసరికి వినడానికి సిద్ధంగా ఉన్న ప్రజలను పేరయ్య అప్పటికే సమకూర్చి ఉంచాడు.

పరంపర నిర్వచనం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఆంగ్లికన్ మిషనరీ దగ్గర విన్నవాడు బాప్టిస్టు సంఘంలో చేరాడు. శాఖలు వేరైనా ఉద్యమం ఒకటే అన్న మాటకు ఇది మంచి ఉదాహరణ. అయితే పేరయ్యకు మరో పరంపర కూడా ఉంది. అది రాజయోగ గురువుల పరంపర. వెస్లీ, విట్‌ఫీల్డ్‌ల నుంచి గీసిన గీతలో అది కనిపించదు. ఒక మనిషి రెండు పరంపరలకు వారసుడు అయినప్పుడు, ఒక్క దానినే లెక్కలోకి తీసుకుంటే మనకు సగం పేరయ్యే దొరుకుతాడు.

ఇక మారుమనస్సు విషయం చూడండి. మాదిగ పల్లెలలో బాప్తిస్మం పొందినవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువుల మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. పైకి ఇవి మత నియమాలుగా కనిపిస్తాయి. కాని పల్లె జీవితంలో వీటి ఫలితం ఏమిటి? మోటబావికి తోలు బానలు కుట్టేది, రైతులకు చెప్పులు చేసేది, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టేది మాదిగలే. ఆదివారం పనికి రామన్నా, జాతరలో డప్పు కొట్టమన్నా ఊరి కట్టుబాటును కాదన్నట్టే. అందువల్ల భూమి ఉన్న కులాలతో ఘర్షణలు వచ్చాయి. మాదిగలను సంఘంలో చేర్చుకున్నందుకు ఒంగోలు మిషన్ బడి నుంచి పై కులాల విద్యార్థులు వెళ్ళిపోయారు. మారుమనస్సు వెస్లీకి అంతరంగ అనుభవం. తాళ్ళకొండపాడు వంటి పల్లెలో అది అంతరంగ అనుభవంతో పాటు ఊరి వ్యవస్థతో తెగతెంపులు కూడా.

తరువాత 1876–78 నాటి మహా కరువు వచ్చింది. దక్షిణ భారతదేశంలో లక్షలాది మంది చనిపోయారు. క్లౌకు అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉంది. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి కూలి పని కల్పించాడు. తెలుగు బోధకులు మేస్త్రీలుగా ఆ పనిని నడిపించారు. పని చేస్తూ, బోధకుల మాటలు వింటూ ఉన్నవారిలో ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సహాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా ఆపి ఉంచాడు.

సహాయం ముగిశాక 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద బాప్తిస్మాలు జరిగాయి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజులలో 3,536 మంది. బాప్తిస్మాలు ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నదిలో నిలబడి ఇచ్చారు.

7. నిర్వచనానికి ఎదురైన పరీక్ష

2,222 అన్న సంఖ్య అమెరికా, బ్రిటన్ క్రైస్తవ పత్రికలలో ప్రసిద్ధికెక్కింది. కొందరు దానిని గొప్ప విజయంగా చెప్పారు. మరికొందరు ఒక్క రోజులో ఇంతమంది నిజంగా మారుమనస్సు పొందగలరా అని అనుమానించారు. 'కరువు క్రైస్తవులు' అన్న నింద అప్పుడూ ఉంది, తరువాత కూడా వినిపించింది.

బెబ్బింగ్టన్ నాలుగు లక్షణాలను ఇక్కడ పెట్టి చూద్దాం. కార్యశీలత పుష్కలంగా ఉంది. అయితే మనం మిషనరీని మాత్రమే చూస్తే ఆ కార్యశీలత క్లౌది అవుతుంది. పేరయ్యను, బైబిలు స్త్రీలను, నదిలో నిలబడిన ఆరుగురు బోధకులను చూస్తే అది తెలుగువారిది అవుతుంది.

బైబిలు విషయం చూడండి. 1878లో బాప్తిస్మం పొందినవారిలో చాలామందికి చదువు రాదు. వారికి బైబిలు చేతిలో ఉన్న పుస్తకంగా కాక, విన్న కథగా, పాడిన కీర్తనగా చేరింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు తెలుగు ఛందస్సులలో, రాగాలలో రాసిన కీర్తనలు ఆ పని చేశాయి. బైబిలును గౌరవించడం అంటే దానిని చదవడమేనా, వినడం, పాడడం కూడానా? నిర్వచనం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. మనమే చెప్పుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైనది మారుమనస్సు. బ్రిటన్‌లో మారుమనస్సుకు ఆధారాలు దినచర్య పుస్తకాలు, ఆత్మకథలు. వెస్లీ తేదీ, సమయం కూడా రాసి పెట్టాడు. ఒంగోలు పల్లెలలో నిర్ణయం తరచుగా కుటుంబమంతా, ఒక్కోసారి పల్లె అంతా కలిసి తీసుకున్నది. కులపెద్దల మాటకు అందులో స్థానం ఉంది. వ్యక్తి రాసుకున్న కాగితం లేదు. మారుమనస్సు అంటే వ్యక్తి ఒంటరిగా పొందే అనుభవం మాత్రమే అని మనం పట్టుబడితే, ఈ 3,536 మందిని ఉద్యమం వెలుపల నిలబెట్టినట్టు అవుతుంది. కేవలం సంఖ్య చూసి అందరినీ లోపల చేర్చితే, వారు ఎందుకు వచ్చారు, ఏమి కోరుకున్నారు అన్న ప్రశ్న అడగకుండానే వదిలేసినట్టు అవుతుంది. రెండు విధాలుగానూ ఆ మనుషులు చరిత్రలో నుంచి జారిపోతారు.

అందుకే తరువాతి పరిశోధకులు ప్రశ్ననే మార్చారు. 1933లో జె. వాస్కమ్ పికెట్ భారతదేశంలోని సామూహిక మతాంతరాలపై చేసిన అధ్యయనం, సమూహంగా వచ్చిన నిర్ణయాన్ని తక్కువ చేసి చూడనక్కరలేదని చెప్పింది. జాన్ సి.బి. వెబ్‌స్టర్ 1992లో ప్రచురించిన దళిత క్రైస్తవుల చరిత్రలో, ఇవి దళితులు తామే ప్రారంభించిన ఉద్యమాలని చూపించాడు. గౌరవం, చదువు, దేవుడు అనే కోరికలు ఆ మనుషులలో వేర్వేరు అరలలో లేవు. జేమ్స్ ఎలీషా తనేటి 2013లో తెలుగు బైబిలు స్త్రీలపై వెలువరించిన గ్రంథం, మిషనరీ నివేదికలలో మరుగున పడిన మహిళలను ముందుకు తెచ్చింది.

ఆధారాల విషయంలో కూడా ఒక జాగ్రత్త అవసరం. పేరయ్య కథ మనకు ఎక్కువగా క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన పుస్తకాల ద్వారా అందింది. 1899లో వచ్చిన 'వైల్ సూయింగ్ శాండల్స్' ఆమె మాదిగ బోధకులను అడిగి రాసుకున్న కథనాల పుస్తకం. 1910లో క్లౌ మరణించాక, 1914లో వెలువడిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' క్లౌ జీవిత కథ. తెలుగులో చెప్పిన మాటలు ఇంగ్లీషులో, అమెరికా పాఠకుల కోసం రాసినవి అని మరచిపోకూడదు. మరో విశేషం. ఎమ్మా తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో 'సోషల్ గాస్పెల్' ఉద్యమానికి ప్రధాన సిద్ధాంతకర్త. అమెరికా చరిత్ర పుస్తకాలలో సోషల్ గాస్పెల్, ఇవాంజెలికల్ ఉద్యమం సాధారణంగా ఎదురెదురు పక్షాలుగా కనిపిస్తాయి. ఒంగోలులో ఆ రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

8. సరిహద్దుల మీద ఉన్నవారు

ఒక నిర్వచనం ఎంత గట్టిదో దాని సరిహద్దుల వద్ద తెలుస్తుంది. మూడు ఉదాహరణలు చూడండి.

1912లో దోర్నకల్‌లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య సువార్త ప్రకటనను సంఘమంతటి బాధ్యతగా చేశాడు. ఆయన కాలంలో దోర్నకల్ ప్రాంతంలో మాల, మాదిగ కులాల నుంచి పెద్ద సంఖ్యలో క్రైస్తవులయ్యారు. అదే సమయంలో ఆయన బిషప్ వ్యవస్థను, ఆరాధన క్రమాన్ని గౌరవించాడు. శాఖల ఐక్యత కోసం శ్రమించాడు. ఆయన 1945లో మరణించగా, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

హైదరాబాదులో హెబ్రోను కేంద్రంగా సంఘాలను నెలకొల్పిన భక్తసింగ్ (1903–2000) పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టినవాడు. నాలుగు లక్షణాలూ ఆయన బోధనలో స్పష్టంగా ఉన్నాయి. కాని ఆయన సంఘాలు ఏ విదేశీ మిషన్ స్థాపించినవీ కావు. నేల మీద కూర్చుని చేసే ఆరాధన, ఆరాధన తరువాత సహపంక్తి భోజనం వాటి పద్ధతి.

మూడవ ఉదాహరణ మళ్ళీ గుజరాత్ నుంచి. సూరత్‌లోని లండన్ మిషన్ పనిని 1846లో ఐర్లండ్ ప్రెస్బిటేరియన్లు స్వీకరించారు. 1890 దశకంలో సూరత్‌కు దక్షిణాన బల్సార్, అంటే నేటి వల్సాడ్‌లో అమెరికా నుంచి 'చర్చ్ ఆఫ్ ది బ్రెదరెన్' వచ్చింది. యుద్ధాన్ని వ్యతిరేకించే ఈ శాఖ 1708లో జర్మనీలో పుట్టింది. అంటే వెస్లీ ఉద్యమం కన్నా ముందుది. విక్రమ శకం 1956లో వచ్చినందున 'ఛప్పనియా' అని గుజరాత్ ప్రజలు పిలిచే 1899–1900 కరువులో ఈ మిషన్లు అనాథ పిల్లలను చేరదీశాయి. ఒంగోలులో వినిపించిన ప్రశ్నలే అక్కడా వినిపించాయి. 1970లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ రెండు శాఖలూ అందులో కలిశాయి. కలిసిన ఆ సంఘాన్ని ఇవాంజెలికల్ అనాలా? పరంపరను చూస్తే ఒక జవాబు, సంఘం పేరును చూస్తే మరో జవాబు వస్తాయి.

9. నిర్వచనం ఎందుకు ముఖ్యం?

ఇదంతా పండితుల చర్చ అని మీకు అనిపించవచ్చు. కాని మనుషులను ఏ పేరుతో లెక్కించాలన్నది ఎప్పుడూ చిన్న విషయం కాదు. భారత జనాభా లెక్కలలో 'క్రైస్తవులు' అన్న ఒకే శీర్షిక ఉంటుంది. ఇవాంజెలికల్స్ ఎందరో అది చెప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి తరువాత వచ్చిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే షెడ్యూల్డు కులాల గుర్తింపు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల జాబితాలో 'సి' గ్రూపులో ఉంచారు. గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందినవారి వారసులకు పేరు అంటే ఒక ధ్రువపత్రం, ఒక కళాశాల సీటు, ఒక ఉద్యోగం.

చరిత్రకారుని నిర్వచనం చట్టపు నిర్వచనం వంటిది కాదు. చట్టం ఒక గీత గీసి ఇటువారు, అటువారు అని తేల్చాలి. చరిత్రకారుని నిర్వచనం వెతకడానికి ఉపయోగపడే పనిముట్టు. అది ఎక్కడ సరిపోయిందో చూస్తే పోలికలు తెలుస్తాయి. ఎక్కడ సరిపోలేదో చూస్తే కొత్త ప్రశ్నలు పుడతాయి. బెబ్బింగ్టన్ నిర్వచనం ఒంగోలులో పూర్తిగా సరిపోలేదు కనుకనే, మారుమనస్సు అంటే ఏమిటి, బైబిలు చదవడం అంటే ఏమిటి అని మనం మళ్ళీ అడగగలిగాం.

గుర్తుంచుకోవలసిన అంశాలు

• 'ఇవాంజెలికల్' అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి: జర్మన్ సంప్రదాయంలో ప్రొటెస్టెంట్ అని, ఇంగ్లీషులో 18వ శతాబ్ది ఉజ్జీవన ఉద్యమానికి చెందినవారు అని.

• బెబ్బింగ్టన్ (1989) చెప్పిన నాలుగు లక్షణాలు: మారుమనస్సు, కార్యశీలత, బైబిలుకు ప్రత్యేక స్థానం, సిలువ ప్రధానత.

• లార్సెన్ (2007) వీటికి చారిత్రక పరంపరను, పరిశుద్ధాత్మ పాత్రను జోడించాడు.

• నిర్వచనానికి మూడు మార్గాలు: నమ్మకం, పరంపర, స్వీయ గుర్తింపు.

• ఒంగోలు ఉద్యమాన్ని మిషనరీ వైపు నుంచి మాత్రమే కాక, యర్రగుంట్ల పేరయ్య వంటి తెలుగువారి వైపు నుంచి కూడా చూడాలి.

ఆలోచించండి

1. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిని ఇవాంజెలికల్ ఉద్యమంలో భాగంగా చూడవచ్చా? మూడు మార్గాలలో ఒక్కొక్కదాని ప్రకారం జవాబు రాయండి.

2. దినచర్య పుస్తకాలు లేని సమాజంలో మనుషుల మతానుభవాన్ని తెలుసుకోవడానికి చరిత్రకారుడు ఏ ఆధారాలను వెతకాలి?

3. క్లౌ కరువు కాలంలో బాప్తిస్మాలను ఆపి ఉంచడం వల్ల 'కరువు క్రైస్తవులు' అన్న విమర్శకు జవాబు దొరికిందని మీరు భావిస్తారా? కారణాలు చెప్పండి.

4. మీ ఊరిలో వందేళ్ళకు పైబడిన ప్రార్థనాలయం ఉంటే, దాని శిలాఫలకంపై ఎవరి పేర్లు ఉన్నాయో చూడండి. ఎవరి పేర్లు ఉండవలసి ఉండి లేవో పెద్దవారిని అడిగి తెలుసుకోండి.